గాలిలోది విరుగుతుంది, చేతిలోది మిగులుతుంది

పెళ్లి ఊరేగింపుల్లో తలల మీదుగా తిరిగే కెమెరా డ్రోన్‌ను చూసే ఉంటారు. నడిపే మనిషి రిమోట్ మీద నుంచి వేళ్లు తీసేసినా అది ఉన్నచోటే గాలిలో ఆగి ఉంటుంది. ఉపగ్రహాల నుంచి అందే జీపీఎస్ సంకేతాలు, నేలను గమనించే కెమెరా, వాయుపీడనాన్ని కొలిచే సెన్సరు కలిసి దాన్ని అక్కడే పట్టి ఉంచుతాయి. ఎఫ్‌పీవీ డ్రోన్‌కు ఈ కాపలా ఏదీ ఉండదు. స్టిక్కులు వదిలేస్తే ఎంత ఒరిగి ఉందో అంతే ఒరిగి ఉండి, అటువైపే జారుకుంటూ పోయి చెట్టుకో గోడకో తగులుతుంది. అయినా కుర్రాళ్లు దీని వెంటే పడుతున్నారు. ఎఫ్‌పీవీ అంటే ఫస్ట్ పర్సన్ వ్యూ. డ్రోన్ ముక్కున ఉన్న చిన్న కెమెరాకు కనిపించేదంతా పైలట్ కళ్లకు పెట్టుకున్న గాగుల్స్‌లో అప్పటికప్పుడే కనిపిస్తుంది. నేలమీద కుర్చీలో కూర్చున్న మనిషికి తానే ఎగురుతున్నట్టు ఉంటుంది. మొదటిసారి పెట్టుకున్నవాళ్లు మలుపు తిరిగినప్పుడల్లా కుర్చీలో పక్కకు ఒరుగుతారు.

2021 మార్చిలో అమెరికాలోని మినియాపొలిస్‌లో జే క్రిస్టెన్సెన్ అనే పైలట్ ఇలాంటి డ్రోన్‌ను వీధిలోంచి ఒక బౌలింగ్ శాలలోకి తీసుకెళ్లి, మనుషుల మధ్యగా, పిన్నులు నిలబెట్టే యంత్రాల సందుల్లోంచి నడిపాడు. ఒకటిన్నర నిమిషం, ఒక్క కట్ లేదు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. అప్పటి నుంచి ఈ సరదా మీద మనసుపడ్డవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ఏ డ్రోన్ కొనాలి?

డ్రోన్ చివరన కొనాలి అంటాను నేను. వినడానికి తిక్కగా ఉన్నా దీనికి లెక్క ఉంది.

ఎఫ్‌పీవీ సరంజామాను రెండు కుప్పలుగా పోసి చూడండి. గాలిలోకి పోయే కుప్పలో ఫ్రేమ్, నాలుగు మోటార్లు, ప్రొపెల్లర్లు, ఫ్లైట్ కంట్రోలర్, మోటార్లకు కరెంటును తూచి పంపే ఈఎస్‌సీ, కెమెరా, వీడియో ట్రాన్స్‌మిటర్, రిసీవర్, బ్యాటరీ ఉంటాయి. నేలమీద ఉండిపోయే కుప్పలో రేడియో అని పిలిచే రిమోట్, గాగుల్స్, ఛార్జర్, సోల్డరింగ్ ఐరన్, నాలుగు స్క్రూడ్రైవర్లు. మొదటి కుప్పలో ఏదీ శాశ్వతం కాదు. ప్రొపెల్లర్లు పూటకో జత పోతాయి. కార్బన్ ఫైబర్ ఫ్రేమ్ కాళ్లు విరుగుతాయి, మోటారు షాఫ్టులు వంగుతాయి, కొన్నిసార్లు డ్రోన్ మొత్తం జొన్నచేలో మాయమైపోతుంది. రెండో కుప్పలోవి మాత్రం మంచివి కొంటే నాలుగైదు డ్రోన్ల ఆయుష్షు చూస్తాయి. కొత్తవాళ్లలో చాలామంది బడ్జెట్‌లో ముప్పాతిక వంతు మొదటి కుప్ప మీద పెట్టి, రెండో కుప్పను మిగిలిన చిల్లరతో కానిచ్చేస్తారు. ఆరు నెలలు తిరగకుండానే డ్రోనూ ఉండదు, చిల్లరతో కొన్న రేడియో పనికీ రాదు.

ఇంతగా ఎందుకు విరుగుతుందో తెలియాలంటే అది ఎగిరే తీరు తెలియాలి. ఎఫ్‌పీవీ పైలట్లు నడిపే పద్ధతిని ఆక్రో మోడ్ అంటారు. ఇందులో స్టిక్కు తిరిగే వేగాన్ని చెబుతుంది. కొద్దిగా కుడికి నెడితే డ్రోన్ నెమ్మదిగా కుడికి దొర్లుతూనే ఉంటుంది. పూర్తిగా నెడితే సెకనుకు 600, 700 డిగ్రీలు, అంటే సెకనులో రెండు పల్టీలకు దగ్గర. స్టిక్కును మధ్యకు తెస్తే తిరగడం ఆగుతుంది, అంతే. ఒరిగినదాన్ని మళ్లీ తిన్నగా నిలబెట్టడం పైలట్ పని.

స్టిక్కు అడిగిన వేగంతోనే తిరుగుతోందా అని కనిపెట్టేది ఫ్లైట్ కంట్రోలర్ మీది గైరో. మూడు నాలుగు మిల్లీమీటర్ల చిప్పు అది. లోపల సిలికాన్‌తో మలిచిన అతి చిన్న దిమ్మెలు నిరంతరం కంపిస్తూ ఉంటాయి. చిప్పు తిరిగితే కొరియోలిస్ ప్రభావం వల్ల ఆ కంపనం పక్కకు మళ్లుతుంది. ఎంత మళ్లిందో కొలిస్తే ఎంత వేగంతో తిరుగుతోందో తెలుస్తుంది. ఫ్లైట్ కంట్రోలర్ సెకనుకు కొన్ని వేలసార్లు ఈ కొలత తీసి పైలట్ అడిగిన వేగంతో పోల్చుతుంది. ఇప్పుడు తేడా ఎంత, ఆ తేడా ఎంతసేపటి నుంచి పోగుపడుతోంది, ఎంత త్వరగా మారుతోంది అనే మూడు లెక్కలు కలిపి నాలుగు మోటార్ల వేగాలను సవరిస్తుంది. పీఐడీ నియంత్రణ అంటే ఇదే. నేడు ఎక్కువమంది వాడే బీటాఫ్లైట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. దీని ముత్తాత మల్టీవీ. నింటెండో వాళ్ల వీ ఆట రిమోట్లను విప్పి, అందులోని గైరోలను డ్రోన్లకు అమర్చుకున్న అభిరుచిపరుల చేతుల్లో పుట్టింది కాబట్టే దానికి ఆ పేరు. పిల్లల ఆటవస్తువు ధర తగ్గించిన సెన్సరు ఈ సరదాకు ప్రాణం పోసింది.

వేగమైన సవరింపులన్నీ చిప్పు చూసుకుంటుంది సరే, ఎటు పోవాలో నిర్ణయించే మనిషి సంగతేమిటి? 2023లో జూరిక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు స్విఫ్ట్ అనే స్వయంచాలిత డ్రోన్‌ను ముగ్గురు మానవ ఛాంపియన్లతో పోటీకి దింపారు. ఎక్కువ రేసులు స్విఫ్టే గెలిచింది. ‘నేచర్’ పత్రికలో వాళ్లిచ్చిన లెక్క ప్రకారం, చూసినదానికి తగ్గట్టు కదలడానికి స్విఫ్ట్‌కు 40 మిల్లీసెకన్లు పడితే ఆరితేరిన పైలట్లకు సగటున 220 మిల్లీసెకన్లు పట్టింది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 220 మిల్లీసెకన్లంటే ఆరు మీటర్లు. కొమ్మ కనిపించాక వేలు కదిలేలోపు డ్రోన్ ఆరు మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. ఛాంపియన్ల సంగతే ఇది. కొత్తవాడు ఇంకా ‘కుడి అంటే ఏ స్టిక్కు’ అని ఆలోచించుకునే దశలో ఉంటాడు. వేళ్లకు అలవాటైతే తప్ప ఈ విద్య రాదు, అలవాటు కావాలంటే వందలసార్లు కూలాలి. ఆ వందలసార్లూ డబ్బు ఖర్చు కాకుండా కూలే చోటు ఒకటుంది.

సిమ్యులేటర్. లిఫ్టాఫ్, వెలాసీడ్రోన్, అన్‌క్రాష్డ్ లాంటివి కంప్యూటర్‌లో ఆటల్లా దొరుకుతాయి. డ్రోన్ బరువు, గాలి ఒత్తిడి, మోటార్ల తోపుడు అన్నీ దాదాపు నిజంలాగే లెక్కగడతాయి. పాత లాప్‌టాప్ అయితే వెలాసీడ్రోన్ మేలు, బొమ్మల నాణ్యత తగ్గించుకుంటే నడిచిపోతుంది. కీబోర్డుతోనో, ఇంట్లో ఉన్న ఆట గేమ్‌ప్యాడ్‌తోనో నేర్చుకుందామనుకోవద్దు. గేమ్‌ప్యాడ్ స్టిక్కులన్నీ స్ప్రింగు వల్ల మధ్యకు వచ్చేస్తాయి. డ్రోన్ రేడియోలో థ్రాటిల్ స్టిక్కుకు పైకీకిందకీ స్ప్రింగు ఉండదు, ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. చేతికి ఒకసారి తప్పు అలవాటు పడితే మాన్పించడం కష్టం. నిజమైన రేడియోను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించి నేర్చుకోవాలి. అందుకే కొనుగోళ్లలో మొదటిది రేడియో.

రేడియోలో చూడాల్సింది రెండు విషయాలు. స్టిక్కు కింద ఏముంది, ఏ భాషలో మాట్లాడుతుంది.

పాతకాలపు స్టిక్కుల కింద పొటెన్షియోమీటరు ఉండేది. కార్బన్ పూత మీద లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది కాబట్టి కాలక్రమంలో అరిగి, మధ్యలో ఉన్న స్టిక్కు కూడా అటూఇటూ వణికినట్టు సంకేతం పంపుతుంది. ఇప్పటివాటిలో హాల్ సెన్సరు ఉంటుంది. స్టిక్కుకు అతికించిన చిన్న అయస్కాంతం కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ మార్పును తాకకుండానే చిప్పు కొలుస్తుంది. రాపిడి లేదు, అరుగుదల లేదు. హాల్ గింబల్స్ అని రాసి ఉందో లేదో చూసి కొనండి.

భాష విషయానికొస్తే, ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్‌ఎస్ తప్ప ఇంకోటి చెప్పను. ఈఎల్ఆర్‌ఎస్ అని పొట్టిగా అంటారు. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న అభిరుచిపరులు కలిసి రాసి ఉచితంగా వదిలేసిన వ్యవస్థ. ఏ కంపెనీ సొత్తూ కాదు కాబట్టి రిసీవర్లు చవక, ఒక కంపెనీ రేడియోతో ఇంకో కంపెనీ రిసీవర్ పనిచేస్తుంది. దీని బలం లోరా అనే పద్ధతిలో ఉంది. ఒకే పౌనఃపున్యం దగ్గర గట్టిగా అరిచే బదులు, కింది పౌనఃపున్యం నుంచి పైకి జారే స్వరంలా సంకేతం పంపుతుంది. ఆ జారుడు ఆకారం ముందే తెలుసు కాబట్టి, చుట్టూ ఉన్న వైఫైల గోలలో మునిగిపోయిన సంకేతాన్ని కూడా రిసీవర్ వెతికి పట్టుకోగలదు. సెకనుకు 250 సార్లు ఆజ్ఞలు పంపే అమరికలో కూడా మైదానం అవతలి అంచు దాకా ఇబ్బంది ఉండదు. పంపే సంఖ్య తగ్గించుకుంటే దూరం ఇంకా పెరుగుతుంది. ఇవన్నీ ఉన్న రేడియోమాస్టర్ పాకెట్ లాంటి చిన్న రేడియో పదివేల రూపాయల లోపే దొరుకుతుంది. 18650 రకం బ్యాటరీలు రెండు విడిగా కొనుక్కోవాలి, ఇది పెట్టె విప్పాక గానీ చాలామందికి తెలియదు.

విదేశీ వీడియోలు చూసి కొనేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ కూడా అంతే. అమెరికా కోసం తయారయ్యే 915 మెగాహెర్ట్జ్ రేడియోలు మాత్రం ఇక్కడ మొబైల్ ఫోన్లకు కేటాయించిన పట్టీలో చొరబడతాయి. పాతది ఎవరైనా సగం ధరకు ఇస్తామన్నా వద్దనండి. 2.4 తీసుకుంటే ఈ తలనొప్పే లేదు.

రెండో కొనుగోలు గాగుల్స్. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే, వాదులాటలు జరిగేదీ ఇక్కడే. అనలాగా, డిజిటలా?

అనలాగ్ అంటే పాత దూరదర్శన్ కాలపు టీవీ బొమ్మే. కెమెరా తీసిన ప్రతి గీతను తీసినట్టే 5.8 గిగాహెర్ట్జ్ తరంగం మీద ఎక్కించి పంపేస్తుంది. కుదించడం, విప్పడం లేవు కాబట్టి ఆలస్యం చాలా తక్కువ. బొమ్మ మాత్రం మసక. సంకేతం బలహీనపడితే తెర మీద చుక్కలు మొదలై, గీతలు పడి, క్రమంగా చెదురుతుంది. పైలట్‌కు వెనక్కి తిరగమని ముందే హెచ్చరిక అందినట్టే. డిజిటల్‌లో బొమ్మ అద్దంలా ఉంటుంది. డీజేఐ 2019లో తన డిజిటల్ వ్యవస్థ తెచ్చినప్పటి నుంచి, తర్వాత వాక్‌స్నెయిల్, హెచ్‌డీజీరో రావడంతో సినిమా, ప్రకటనల వాళ్లంతా అటే పోయారు. కుదించి, పంపి, విప్పడానికి పట్టే సమయం మాత్రం తప్పదు. మంచి వ్యవస్థల్లో అది 30 మిల్లీసెకన్ల చుట్టూ ఉంటుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ఎనభై సెంటీమీటర్ల పైచిలుకు. రేసులో అది లెక్కలోకి వస్తుంది, ఊరి చెరువు గట్టున తిరిగేవాడికి రాదు. డిజిటల్‌లో అసలు భయం వేరే ఉంది. సంకేతం ఒక హద్దు దాటి తగ్గిందంటే, అప్పటిదాకా నిండుగా ఉన్న బొమ్మ ఒక్కసారిగా కదలకుండా ఆగిపోతుంది.

నా తీర్పు ఇది. ఇంట్లో, పెరట్లో చిన్న డ్రోన్‌తో మొదలుపెట్టి, ఇష్టం నిలుస్తుందో లేదో తెలియని వాళ్లకు చవకైన అనలాగ్ గాగుల్స్ చాలు. ఎక్కువ కాలం ఉండాలని, వీడియోలు తీయాలని గట్టిగా అనుకున్నవాళ్లు అనలాగ్ దశను దాటేసి నేరుగా డిజిటల్‌కు పోవాలి. రెండుసార్లు కొనడం కంటే కొన్ని నెలలు సిమ్యులేటర్‌తో గడిపి డబ్బు పోగేసుకోవడం మంచిది. రెండింటి మధ్యన ఉండే, డ్రోన్, రేడియో, గాగుల్స్ అన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్మే కిట్ల మీద నాకు పెద్ద గౌరవం లేదు. పదేళ్ల పిల్లకు పుట్టినరోజు కానుకగా అయితే సరే. వాటిలో వచ్చే రేడియో, గాగుల్స్ తర్వాత దేనికీ పనికిరావు. చేతిలో మిగలాల్సినవే మిగలవు.

కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు కొనేముందు పెట్టుకుని చూసి తీరాలి. రెండు చిన్న తెరలున్న గాగుల్స్‌లో తెరల మధ్య దూరాన్ని మన కనుపాపల మధ్య దూరానికి సరిపెట్టుకునే ఏర్పాటు ఉండాలి. పెద్దల్లో ఇది చాలావరకు 54 నుంచి 74 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కళ్ల పరీక్ష చీటీ మీద పీడీ అని రాసే అంకె ఇదే. కొన్నింటిలో పవరు కూడా తిప్పి పెట్టుకోవచ్చు. ఒకే పెద్ద తెర ఉన్న పెట్టె గాగుల్స్‌లో కళ్లద్దాలతో సహా ముఖం దూర్చేయవచ్చు, చూడటానికి బాగుండదంతే.

బొమ్మ బాగా రావడం లేదని వెంటనే ట్రాన్స్‌మిటర్ శక్తి పెంచేస్తుంటారు. దూరం రెట్టింపయితే సంకేతం నాలుగో వంతుకు పడిపోతుందన్నది హైస్కూలు భౌతికశాస్త్రమే. అంటే 25 మిల్లీవాట్లతో వెళ్లే దూరానికి రెట్టింపు పోవాలంటే 100 కావాలి, మరో రెట్టింపుకు 400. శక్తి పెంచితే వేడి, కరెంటు ఖర్చు పెరుగుతాయి, పక్కన ఎగరేసేవాళ్ల బొమ్మ చెడుతుంది. దానికంటే ఆంటెనా సరిగ్గా ఎంచుకుంటే లాభం ఎక్కువ. 5.8 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం అయిదు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. ఇంత పొట్టి తరంగాలు గోడలకు, కార్లకు తగిలి తిరిగివస్తాయి. నేరుగా వచ్చినదీ, తగిలి వచ్చినదీ కలిసి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. అందుకే ఎఫ్‌పీవీలో వృత్తాకార ధ్రువణం ఉన్న ఆంటెనాలు వాడతారు. వీటి నుంచి తరంగం మెలి తిరుగుతూ బయల్దేరుతుంది. గోడకు తగిలితే మెలి దిశ తారుమారవుతుంది, కుడి మెలికి చేసిన ఆంటెనా ఎడమ మెలిని పెద్దగా పట్టించుకోదు. డ్రోన్ మీద కుడి మెలి పెట్టి గాగుల్స్‌కు ఎడమ మెలి బిగిస్తే ఆంటెనాలే బొమ్మను చంపేస్తాయి. కొనేటప్పుడు రెండూ ఒకే రకమా అని చూడండి. ఆంటెనా బిగించకుండా వీడియో ట్రాన్స్‌మిటర్‌కు కరెంటు ఇవ్వడం కూడా చాలామంది కొత్తవాళ్లు చేసే పనే. బయటికి పోవాల్సిన శక్తి తిరిగి చిప్పులోకే వచ్చి దాన్ని కాల్చేస్తుంది.

ఇప్పుడు డ్రోన్. మొదటిది వూప్ అయి ఉండాలి. ఎదురెదురు మోటార్ల మధ్య 65 మిల్లీమీటర్లు, ప్రొపెల్లర్లు 31 మిల్లీమీటర్లు, చుట్టూ ప్లాస్టిక్ కట్టు, ఒకే సెల్లు బ్యాటరీ. బ్యాటరీతో కలిపి ముప్పై గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. మూడు నాలుగు నిమిషాలు ఎగురుతుంది. హాలులో కుర్చీ కాళ్ల మధ్య, బాల్కనీ గ్రిల్లు పక్కన తిప్పుకోవచ్చు. సీలింగ్ ఫ్యాన్ ఆపి మొదలుపెట్టండి, మన ఇళ్లలో వూప్‌లకు అదే ప్రథమ శత్రువు.

చిన్నదానితో మొదలుపెట్టమనడం పిరికితనం కాదు, లెక్క చూడండి. ముప్పై గ్రాముల వూప్ సెకనుకు అయిదు మీటర్ల వేగంతో గోడకు కొట్టుకుంటే దాని గతిజశక్తి 0.4 జౌళ్ల లోపు. ఎఫ్‌పీవీ అనగానే అందరి మనసులో మెదిలే అయిదంగుళాల డ్రోన్ బ్యాటరీతో కలిపి 700 గ్రాములు తూగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో దాని శక్తి 270 జౌళ్లు, ఏడువందల రెట్లు ఎక్కువ. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతిలో ఉండేది 120 జౌళ్లే. అంటే ఫాస్ట్ బౌలర్ వేసిన రెండు బంతుల దెబ్బ, పైగా నాలుగు కత్తులతో. నిమిషానికి 30 వేల చుట్లు తిరిగే అయిదంగుళాల ప్రొపెల్లర్ కొస సెకనుకు 200 మీటర్ల వేగంతో, ధ్వని వేగంలో సగానికి మించి పోతుంటుంది. బల్ల మీద మోటార్లు పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్లు విప్పేయాలన్న నియమం వేళ్లున్నవాళ్లందరికీ వర్తిస్తుంది.

అయినా ఒకరోజు అయిదంగుళాలకు పోతారు, పోవాలి కూడా. బరువుకు ఎనిమిది పదిరెట్లు ఎత్తగల మోటార్లు ఇచ్చే ఆనందం వూప్‌తో రాదు. అప్పుడు మోటారు మీది అంకెలు చదవడం రావాలి. 2207 అంటే లోపల తీగ చుట్టిన స్టేటర్ వ్యాసం 22 మిల్లీమీటర్లు, ఎత్తు 7. పక్కన ఉండే కేవీ అనేది కిలోవోల్టు కాదు, బరువేమీ లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె. నాలుగు సెల్లుల బ్యాటరీ నిండుగా 16.8 వోల్టులు, దానికి 2600 కేవీ మోటారు పెడితే దాదాపు 43,700 చుట్లు. ఆరు సెల్లులది 25.2 వోల్టులు, 1750 కేవీ మోటారుతో 44,100. ఫలితం ఒకటే. మరి ఆరు సెల్లులు ఎందుకు? వోల్టేజీ పెరిగితే అంత శక్తికి తక్కువ కరెంటు చాలు, తీగల్లో వృథా అయ్యే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వృథా బాగా తగ్గుతుంది. ఊళ్ల మీదుగా పోయే కరెంటు లైన్లు హైటెన్షన్‌లో ఉండేదీ ఇందుకే. ఇవాళ కొత్తగా కట్టేవాళ్లు ఆరు సెల్లులకే పోవడం మంచిది. రెండు రకాలనూ కలపకండి. 2600 కేవీ మోటారుకు ఆరు సెల్లులు తగిలిస్తే ముందు ఈఎస్‌సీ, తర్వాత మోటారు పొగ కక్కుతాయి.

‘కట్టేవాళ్లు’ అన్నాను, కావాలనే. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పూర్తిగా బిగించినవీ, విడిభాగాల కిట్‌గా వచ్చేవీ రెండూ అందులోకి వస్తాయి. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు మినహాయింపు ఉంది. విడి భాగాల దిగుమతికి అడ్డు లేదు. దాంతో మన దేశంలో ఎఫ్‌పీవీ అంటే సహజంగానే భాగాలు తెచ్చుకుని సొంతంగా బిగించుకునే సరదా అయింది. బిగించినవాడికి విరిగినప్పుడు బాగుచేసుకోవడమూ వస్తుంది కాబట్టి ఇది నష్టమేమీ కాదు. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో మంచి సోల్డరింగ్ ఐరన్, సన్న సీసం తీగ కొనుక్కుని, పాత బోర్డుల మీద వారం రోజులు చేయి తిప్పాలి. వేడిని పెంచి తగ్గించుకోగల ఐరన్ కావాలి, 60 వాట్లకు తగ్గొద్దు. బ్యాటరీ తీగలు అతికే చోట మందపాటి రాగి వేడిని లాగేసుకుంటుంది, బలహీనమైన ఐరన్‌తో పైకి అతికినట్టు కనిపించి గాలిలో ఊడిపోతుంది. కట్టిన డ్రోన్‌కు మొదటిసారి బ్యాటరీ పెట్టేటప్పుడు మధ్యలో స్మోక్ స్టాపర్ అనే చిన్న పరికరం పెట్టండి. ఎక్కడైనా షార్టు ఉంటే కరెంటును ఆపేసి బోర్డును కాపాడుతుంది.

బ్యాటరీల దగ్గర మాత్రం చవక బేరం ఆడొద్దు. ఇవి లిథియం పాలిమర్, అందరూ లైపో అంటారు. ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులు, 3.5 దగ్గరకు రాగానే దిగిపోవాలి, 3 కంటే కిందికి పోతే లోపలి రసాయనం శాశ్వతంగా దెబ్బతింటుంది. వాడకుండా పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. నిండుగా ఛార్జ్ చేసి వర్షం వల్ల పోలేక వారాల తరబడి అలమరలో వదిలేసిన బ్యాటరీ ఉబ్బుతుంది. లోపలి ద్రావణం విడిపోయి వాయువుగా మారడం వల్ల వచ్చే ఉబ్బు అది. ఉబ్బినదాన్ని ఎగరేయకూడదు. నాలుగు సెల్లుల 1500 మిల్లీఆంపియర్ అవర్ బ్యాటరీలో 22 వాట్ అవర్ల శక్తి ఉంటుంది, దాన్ని నాలుగైదు నిమిషాల్లో ఖాళీ చేస్తాం. సెల్లులు ఇంత దయలేని వాడకాన్ని తట్టుకోవాలి కాబట్టే లేబుల్ మీద 100 సీ, 120 సీ అని రాసుకుంటారు. అంటే సామర్థ్యానికి వందరెట్ల కరెంటు ఇవ్వగలదని అర్థం, 150 ఆంపియర్లు. ఆ అంకెలను పూర్తిగా నమ్మనక్కర్లేదు. ఒకే సైజులో రెండు కంపెనీల బ్యాటరీలను పోల్చాలంటే లోపలి నిరోధం కొలిచే ఛార్జర్ కొనండి. నిరోధం పది మిల్లీఓమ్‌లు ఉంటే వంద ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు అక్కడే పోతుంది.

ఛార్జర్ ప్రతి సెల్లునూ విడిగా సమం చేసే బ్యాలెన్స్ రకమే అయి ఉండాలి. 1500 బ్యాటరీకి 1.5 ఆంపియర్ల చొప్పున గంటలో ఛార్జ్ చేయడం క్షేమం. గచ్చు నేల మీద, పరుపులకు, కర్టెన్లకు దూరంగా, మనిషి ఎదుట ఉండగానే చేయాలి. రాత్రి పెట్టి పడుకోవడం అసలు పనికిరాదు. మే నెలలో ఎండలో నిలిపిన కారులో వీటిని వదలొద్దు.

ఎక్కడ ఎగరేయాలి? 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో, అక్కడి నుంచి రెండు కిలోల దాకా మైక్రో. వ్యాపారానికి కాకుండా ఎగరేసే మైక్రోకు, నానోకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆకుపచ్చ మండలంలో సాధారణంగా 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అడగనక్కర్లేదు. కానీ హైదరాబాద్ చుట్టూ బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ ఉన్నాయి, విశాఖలో నౌకాదళం ఉంది. ఊళ్లో చాలా చోట్లు పసుపు లేదా ఎరుపు మండలాల్లోకి వస్తాయి. బయల్దేరే ముందు ప్రభుత్వ గగనతల మ్యాపు చూసుకోవాలి, రిజిస్ట్రేషన్ నియమాలూ సరిచూసుకోవాలి. సరదాకు ఎగరేసే మోడల్ డ్రోన్ కంటిచూపు మేరలో ఉండాలని నిబంధనల నిర్వచనంలోనే ఉంది. గాగుల్స్ పెట్టుకున్న పైలట్‌కు ఎదురుగా వచ్చే ఆవు కూడా కనిపించదు. కాబట్టి పక్కన గాగుల్స్ లేని మనిషి ఒకరు డ్రోన్‌ను, ఆకాశాన్ని, దారిన పోయేవాళ్లను చూస్తూ నిలబడాలి. సంకేతం తెగిపోతే మోటార్లు ఆగి అక్కడే పడిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకోండి. డ్రోన్ పోతే పోయింది, అదుపు లేకుండా ఊరి మీదికి పోకూడదు. సంక్రాంతి వారంలో గాలిపటాల మాంజా మోటారు షాఫ్టుకు చుట్టుకుంటుంది, ఆ నాలుగు రోజులు సిమ్యులేటరే గతి. గద్దలు గూళ్లు పెట్టుకున్న చెట్ల దగ్గరా అంతే.

చివరగా ఇంజనీరింగ్ కాలేజీల్లో డ్రోన్ క్లబ్బులు నడిపే అధ్యాపకులకు ఒక విన్నపం. గ్రాంటు రాగానే అద్దాల బీరువాలో పెట్టడానికి ఒక పెద్ద డ్రోన్ కొనకండి. ఆ డబ్బుతో ఈఎల్ఆర్‌ఎస్ రేడియోలు నాలుగైదు, సిమ్యులేటర్ ఉన్న కంప్యూటర్లు రెండు, గాగుల్స్ ఒకటి, రెండు వూప్‌లు, గచ్చు మీద ఒక ఛార్జింగ్ మూల ఏర్పాటు చేయండి. ఏ సాయంత్రం వచ్చిన విద్యార్థికైనా స్టిక్కులు చేతికందుతాయి. అయిదంగుళాల డ్రోన్‌కు కావలసిన భాగాలు వచ్చే ఏడాది గ్రాంటుతో కొనవచ్చు, అప్పటికి దాన్ని ఎగరేయగలవాళ్లు క్లబ్బులోనే ఉంటారు.